నాలుగు నిమిషాలు ఆగలేక...

"అక్కా, జర అవతల కుర్చీల కూసోరాదూ! నువ్వు నెత్తి మీద నిలబడితె నాకు చెయ్యాడ్తలేదు."

మా తమ్ముడు ఈ మాట అన్నప్పుడు బుద్ధిగా వెళ్లి కూర్చుని ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఈ సంగతే ఉండేది కాదు. నేను కూర్చోలేదు. పైగా చేతి గడియారం చూపించి "ఇంకెంతసేపురా?" అన్నాను. పొద్దున్నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారో, ఐదోసారో.

తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. డిచ్‌పల్లిలో హైవేకి కాస్త లోపలగా, రేకుల షెడ్డులో తలుపులు చెక్కే యంత్రం నడుపుతాడు. ఈమధ్య ఏ ఊళ్లో కొత్త ఇల్లు చూసినా వాకిలి తలుపు మీద గజలక్ష్మో, నెమళ్ల జంటో, పూల తీగలో కనిపిస్తున్నాయి కదా! అవన్నీ ఎవరో వారాల తరబడి ఉలి పట్టి చెక్కినవనుకుంటే పొరపాటే. చాలావరకు సీఎన్‌సీ యంత్రాల పని. మంచమంత బల్ల, దాని మీద అటూ ఇటూ జరిగే ఇనుప చట్రం, చట్రానికి వేలాడే మోటారు, మోటారు కొనన బిట్టు. పక్కన కంప్యూటరు. అది ఎటు పొమ్మంటే బిట్టు అటు పోతుంది, దిగమన్నచోట దిగుతుంది, లేవమన్నచోట లేస్తుంది. షెడ్డు గుమ్మంలో నిలబడితే కనిపించే గుట్టమీది రామాలయం 14వ శతాబ్దిది. దాని గోడల మీది శిల్పాలు చూసే మావాళ్లు దాన్ని 'ఇందూరు ఖజురహో' అంటారు. ఆ గుట్టకింద ఈ యంత్రం రొద వింటూ నిలబడితే కాస్త తమాషాగానే ఉంటుంది.

ఆరోజు బల్ల మీద ఉన్నది దుకాణంలో కొన్న చెక్క కాదు. మా తాత ఇంటి దూలం.

బోధన్ దగ్గర తాత కట్టిన ఇల్లు కూలగొట్టినప్పుడు మట్టి మట్టిలో కలిసింది, పెంకులు ఎవరో పట్టుకెళ్లారు. నడిమింటి టేకు దూలం మాత్రం బాపు ఎవరికీ ఇవ్వలేదు. చెదలు ముట్టని దూలం. మా చిన్నప్పుడు దానికే ఉయ్యాల కట్టేవారు. పండగలప్పుడు మామిడాకుల తోరణం చివర దాని మేకుకే వేలాడేది. "కొత్తింట్ల దేవుని అర్రకు దీనితోనే తలుపులు జేపిద్దాం" అన్నాడు బాపు. కోయిస్తే సరిగ్గా రెండు రెక్కలకు సరిపడా పలకలు వచ్చాయి. పక్కన కొన్ని ముక్కలు మిగిలాయి. అంతే! మూడో పలక లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

రెండు రెక్కలు. ఒక్కోదాని మీదా తామరల నడుమ తొండం ఎత్తిన ఏనుగు. తలుపులు మూస్తే ఏనుగులు ఎదురెదురుగా నిలబడి నడుమ ఉన్న అమ్మవారికి అభిషేకం చేస్తున్నట్టు కనబడాలి. మొదటి రెక్క ముందురోజే పూర్తయింది. ఎంత ముచ్చటగా వచ్చిందో! చెవుల మీది ముడతలు కూడా తెలుస్తున్నాయి. రెండోదాన్ని దాని పక్కనే, అంగుళం సందు వదిలి బిగించాడు తమ్ముడు. చెక్కాక రెండూ కలిపి ఒకేసారి ఇసుక కాగితం పట్టొచ్చని మొదటిదాన్ని బల్ల మీంచి తియ్యలేదు.

గృహప్రవేశానికి ఇంకా నాలుగు రోజులుంది. నేను సాయంత్రానికల్లా హైదరాబాద్‌లో ఉండాలి. ఆదివారం మీరు చదివే పేజీలు ఆదివారం తయారుకావు, అంతకు చాలా ముందే ప్రెస్సుకు వెళ్లిపోవాలి. అమ్మేమో గంటకోసారి ఫోను చేసి "పని ఒడిసిందా?" అని అడుగుతోంది. నేను అదే ప్రశ్నను తమ్ముడి మీదికి తోస్తున్నాను.

అసలు ఆ ఆలస్యం దేనికో చెప్పాలంటే ముందు సున్నా గురించి చెప్పాలి. మా అమ్మ ముగ్గుల పుస్తకం ఉంది. పాత లెక్కల నోటుబుక్కు. అందులో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు ఉందనుకోండి, దాన్ని వాకిట్లో వెయ్యాలంటే మొదట ఏం చేస్తుంది? తొలిచుక్క ఎక్కడ పెట్టాలో చూసుకుంటుంది. తొలిచుక్క గేటుకు దగ్గరగా పడితే ముగ్గంతా గేటు దగ్గరికి జరుగుతుంది. తులసికోట పక్కన పెడితే అక్కడికి పోతుంది. పుస్తకంలో ముగ్గు మారలేదు. తొలిచుక్క మారిందంతే.

సీఎన్‌సీ యంత్రంలోనూ ఇంతే. బొమ్మ ఒక ఫైలు. 'కుడికి ఇంత, పైకి ఇంత, లోతుకు ఇంత' అని వరసగా రాసి ఉన్న అంకెలు. ఆ అంకెలన్నీ ఏదో ఒక సున్నా నుంచి లెక్క. యంత్రానికి పుట్టుకతో ఒక సున్నా ఉంటుంది, బల్ల మూలన. కానీ మనం చెక్కను ప్రతిసారీ అదే మూలన బిగించం కదా! అందుకే 'ఈ చెక్కకు సున్నా ఇక్కడ' అని విడిగా చెబుతాం. దాన్నే వర్క్ ఆఫ్‌సెట్ అంటారు. జీ54 నుంచి జీ59 దాకా అలాంటివి ఆరు పెట్టుకునే వీలు చాలా యంత్రాల్లో ఉంటుంది. అంటే బల్ల మీద ఆరుచోట్ల ఆరు తొలిచుక్కలన్నమాట.

తెర మీద ఒక బొమ్మ కనిపిస్తుంది. బిట్టు ఏ దారిన పోబోతోందో రంగు గీతలతో ముందే గీసి చూపించే బొమ్మ. దీన్ని ప్రివ్యూ అంటారు. సున్నా మారిస్తే ఆ బొమ్మ కూడా కొత్తచోటికి జరగాలి. జరుగుతుంది కూడా. కాకపోతే తమ్ముడి కంప్యూటర్లో అందుకు నాలుగు నిమిషాలు పడుతుంది.

నాలుగు నిమిషాలే కదా అనుకుంటున్నారా? బిట్టు కుడిఎడమలకు ఒక సున్నా, పైకీ కిందికీ ఒక సున్నా, లోతుకు ఒక సున్నా. ఎక్స్, వై, జెడ్. ఒక్కోటి మార్చినప్పుడల్లా బొమ్మ మొదట్నుంచీ గీస్తుంది. ఫైలు తెరిచినప్పుడు ఒకసారి. మొత్తం పదహారు నిమిషాలు! ఆ పదహారు నిమిషాలూ తెర మీద ఒక పచ్చగీత ఎడమ నుంచి కుడికి నత్తలా పాకుతుంటే దాన్ని చూస్తూ నిలబడాలి. ఒక్క అంకె తప్పు కొట్టి దిద్దుకుంటే మరో నాలుగు.

"ఒక్క సున్నా జరిపితే మొత్తం మళ్లీ గీయడమేంట్రా? ఉన్న బొమ్మను పక్కకు నెడితే పోలా?" అన్నాను. మా అమ్మ ముగ్గు పుస్తకం మళ్లీ రాయదు కదా మరి!

అప్పుడు తమ్ముడు సమాధానం చెప్పలేదు కానీ తర్వాత నేను కాస్త చదివి తెలుసుకున్నాను. నా ప్రశ్న మరీ తెలివితక్కువదేం కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు నేనన్నట్టే చేస్తాయి, బొమ్మను ముట్టుకోకుండా బిట్టు గుర్తును మాత్రం జరుపుతాయి. కానీ అన్ని ఫైళ్లూ మా అమ్మ ముగ్గులంత మర్యాదగా ఉండవు. ఒకే ఫైలు సగం ఒక సున్నా నుంచి, సగం ఇంకో సున్నా నుంచి నడవొచ్చు. మధ్యలో 'బల్ల మూలకు పో' అని యంత్రం సొంత సున్నాను అడిగే వరసలుండొచ్చు. అలాంటప్పుడు ఒక భాగం జరగాలి, ఇంకో భాగం కదలకూడదు. పైగా కొత్తచోట బొమ్మ బల్ల హద్దులు దాటుతోందా లేదా అన్నదీ చూడాలి. ఈ గొడవంతా లేకుండా మొదటి వరస నుంచి చివరి వరస దాకా మళ్లీ చదువుకోవడమే క్షేమమని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు అనుకున్నట్టుంది. ఇనుప ముక్కకు నాలుగు బెజ్జాలు పెట్టే ఫైలైతే రెప్పపాటులో అయిపోతుంది. కష్టమంతా ఏనుగుతోనే.

ఏనుగుకు ఎన్ని వరసలో లెక్కేసి చూడండి. బొమ్మ 300 మిల్లీమీటర్ల వెడల్పు, 600 ఎత్తు. నునుపు రావాలంటే బిట్టు 0.3 మిల్లీమీటర్లకు ఒకసారి దున్నుకుంటూ పోవాలి. అంటే 2000 సాళ్లు. ఒక్కో సాలులో అర మిల్లీమీటరుకో చుక్క వేసుకున్నా 600 చుక్కలు. రెండువేలు ఆరువందల్లు... 12 లక్షలు! సున్నా జరిగిన ప్రతిసారీ ఆ పాత కంప్యూటరు 12 లక్షల చుక్కల ముగ్గు వేస్తోందన్నమాట. తలుచుకుంటే జాలేస్తుంది. ఇక నిజంగా చెక్కడానికైతే, నిమిషానికి మూడు మీటర్ల వేగంతో పోయినా మూడు గంటల ఇరవై నిమిషాలు.

ఇన్ని లెక్కలు ఆరోజు నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా నా బస్సు టైము.

షెడ్డు మూలన ప్లాస్టిక్ కుర్చీలో చిన్నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. చిన్నాయన బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వర్క్‌షాపులో టర్నర్. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరు మోసిన ఫ్యాక్టరీ. క్రషింగ్ మొదలైందంటే రాత్రీపగలూ చెరుకు బండ్ల బారులు, ఊరంతా బెల్లం కాగుతున్నట్టు తియ్యటి వాసన. ఆ రోజుల్లో మిల్లులో ఒక్క బుష్ అరిగినా చిన్నాయనకు అర్ధరాత్రి పిలుపొచ్చేది. "అవతల చెరుకెండిపోతది బిడ్డా, రైతు ఎదురుచూస్తుంటడు" అనేవాడు. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీ మూసేశారు. సైరను మోగని ఊళ్లో ఆయనకు నిద్ర పట్టేది కాదు. కొడుకు డిచ్‌పల్లిలో షెడ్డు వేసుకుంటే వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాడు. యంత్రాన్ని ముట్టుకోడు. కంప్యూటరు తెర వైపు అసలే చూడడు. బిట్టును చూస్తుంటాడు.

ఒక్క పని మాత్రం ఎవరినీ చెయ్యనివ్వడు. లోతు సున్నా. బిట్టు కొన చెక్కను సరిగ్గా ఎక్కడ తాకుతోందో తేల్చడం. దానికి ఆయన పరికరం దినపత్రిక ముక్క. వేలెడు చీలిక చింపి చెక్క మీద పెట్టి, అటూ ఇటూ కదుపుతూ ఉంటాడు. తమ్ముడు బిట్టును వెంట్రుకవాసి చొప్పున దించుతాడు. కాగితం కదలడం ఆగి 'పట్టిన' క్షణంలో చిన్నాయన చెయ్యెత్తుతాడు. అదే సున్నా. పేపరు మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. లేతు మీద పని నేర్చుకున్నవాళ్లందరికీ తెలిసిన చిట్కానే ఇది. ఆరోజు ఆయన చింపింది మన పత్రికే. నేను నెలరోజులు తిరిగి రాసిన ఓ కథనం చివరి పేరా ఆ చీలికలో ఉంది. ఏం చేస్తాం!

సరే, అసలు విషయానికొద్దాం.

ఏనుగులు ఎదురెదురుగా ఉండాలన్నాను కదా. అందుకని మొదటి బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి రెండో ఫైలు తయారుచేశారు. బొమ్మ తిరిగింది. బొమ్మతోపాటు దాని సున్నా కూడా తిరిగింది. మొదటి రెక్కకు తొలిచుక్క కింది ఎడమ మూల అయితే, రెండోదానికి అది కింది కుడి మూల అయింది. ఈ సంగతి ఆ గడియలో ఎవరికీ తట్టలేదు.

తమ్ముడు రెండో ఫైలు తెరిచాడు. నాలుగు నిమిషాలు. బొమ్మ వచ్చింది. అది బల్ల హద్దుకు అవతల ఎక్కడో ఎడమవైపు పడింది. 'హద్దు దాటుతోంది' అని ఎర్రక్షరాల హెచ్చరిక కూడా వచ్చింది. "ఏం కాదు, ఇంక సున్నా పెట్టలేదు గదా, పెట్టినంక అదే జరుగుతది" అన్నాడు. నిజమే, ప్రతిసారీ అలాగే జరుగుతుంది. రోజూ కనపడే హెచ్చరికను ఎవరు మాత్రం పట్టించుకుంటారు? బిట్టును రెండో పలక కింది ఎడమ మూలకు తెచ్చాడు, ముందురోజు చేసినట్టే. ఎక్స్ సున్నా కొట్టాడు.

పచ్చగీత మళ్లీ మొదట్నుంచి పాకడం మొదలెట్టింది.

"అబ్బ, మళ్లానా! అది గీస్తేనే తప్ప యంత్రం నడవదా?" అన్నాను.

"నడుస్తది... బొమ్మ కనవడదంతే."

"నిన్న చూసిన బొమ్మే కదరా!"

ఈ మాట అన్నది నేనే. తమ్ముడు నా మొహం చూశాడు, గడియారం చూశాడు, బొమ్మ గీయడాన్ని రద్దుచేసే మీట నొక్కాడు. వై సున్నా. రద్దు. చిన్నాయన వచ్చి కాగితం పట్టించి పోయాడు. జెడ్ సున్నా. రద్దు. తెర మీద ఇంకా ఆ పాత బొమ్మే, బల్ల అవతలే ఉంది. దాన్ని మేమిద్దరం చూస్తున్నాం. కానీ దానికీ యంత్రం మనసులో ఉన్నదానికీ ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. తమ్ముడు పచ్చమీట నొక్కాడు. మోటారు ఊళ వేసింది.

బొమ్మ సున్నాకు ఎడమవైపున ఉంది. సున్నా రెండో పలక ఎడమ మూలన ఉంది. ఆ మూలకు ఎడమవైపు ఏముంది? అంగుళం సందు, ఆ తర్వాత నిన్న పూర్తయిన ఏనుగు!

మేం తెర మీద పరుగెడుతున్న అంకెలు చూస్తున్నాం. చిన్నాయన అలవాటుగా బిట్టును చూస్తున్నాడు. "ఆపు! ఆపు! ఆపురా!" అని అరిచాడు. ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. తమ్ముడు ఎర్ర బొత్తాం మీద అరచేత్తో కొట్టాడు. మోటారు దిగుతున్న శబ్దం ఎంతసేపు వినిపించిందో! అప్పటికి అయినది ఆరేడు సెకన్లు. ఒక్క సాలు. అంచు పట్టీని కోసుకుంటూ లోపలికి దూరి, తామర రేకుల మీదుగా, ఏనుగు కాళ్ల కింద నుంచి జానెడు పైన సాగిన గాడి. రెండు అగ్గిపుల్లల మందం, చిటికెన వేలి గోరంత లోతు. నిక్కచ్చిగా సరళరేఖ. యంత్రం తన పని తాను చక్కగానే చేసింది మరి.

టేకు పొట్టు ఇంకా గాల్లో ఉంది. తాత ఇంట్లో వానాకాలం వచ్చే వాసన.

ఆ నాలుగు నిమిషాలూ ఆగి ఉంటే? తెర మీద బొమ్మ మొదటి రెక్క మీద పడి కనబడేది. హెచ్చరిక కూడా ఉండేది కాదు, ఎందుకంటే ఇప్పుడు బొమ్మ బల్ల హద్దులోనే ఉంది. కానీ ఎడమవైపు పలక మీద ఏనుగు మీద ఏనుగు కనబడితే తమ్ముడు పచ్చమీట నొక్కేవాడు కాదు. నొక్కనివ్వనిది నేను.

తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. బాపు సాయంత్రానికి వచ్చాడు. పలక మీద వేలు పెట్టి గాడి వెంట ఆ చివరి దాకా నడిపాడు. తమ్ముడితో "జర సూసుకోవాలె గదరా" అన్నాడు. అంతే అన్నాడు. బాపు తిట్టడు, గొంతు తగ్గిస్తాడు. అది తిట్టుకన్నా కష్టం. తమ్ముడు తలవంచుకుని "తప్పయింది పెదబాపూ" అన్నాడు. వాడు నా పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. బస్సు పోతుందని బయల్దేరాను. హైదరాబాద్ దాకా కిటికీ పక్కన కూర్చుని చీకట్లోకి చూస్తూ వచ్చాను. ఆ వారం పేజీలు టైముకే వెళ్లాయి లెండి.

ఆఫీసులో ఆ రాత్రే ఈ సంగతులన్నీ వెతికి చదవడం మొదలెట్టాను, ఎవరి మీదో ఒకరి మీద నెపం వెయ్యాలి కదా! కంప్యూటరు మీద వేద్దామనుకున్నాను. అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని ఎంఐటీలో 1952లో ప్రదర్శించారట. అప్పుడు తెరా లేదు, బొమ్మా లేదు. బెజ్జాలు పొడిచిన కాగితపు టేపే దానికి ఆజ్ఞ. టేపులో తప్పుందేమో తెలియాలంటే ఖరీదైన లోహానికి ముందు ఏ మెత్తటి దాన్నో కోసి చూడాల్సిందే. ఇవాళ ఉచితంగా దొరికే లైనక్స్ సీఎన్‌సీ అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో పుట్టిన ప్రోగ్రాముకు వారసురాలు. ఆ పేరు 2011లో వచ్చింది. పెద్ద ఫైళ్లతో ఇబ్బంది ఉందని వాళ్లకూ తెలుసు. ఫైల్లో ఒకచోట చిన్న వ్యాఖ్య రాసిపెడితే అక్కడితో బొమ్మ గీయడం ఆపేసే ఏర్పాటు ఉంది. చిన్న వర్క్‌షాపుల్లో ఏళ్లుగా వాడుతున్న మాక్3లోనైతే బొమ్మను తిరిగి గీయించుకోవడానికే విడిగా ఒక మీట ఉంటుంది. ఆలస్యాన్ని తప్పించే దారి అందరూ ఇచ్చారు. ఎప్పుడు తప్పించుకోకూడదో మాత్రం ఎవరి మీటా చెప్పదు. తమ్ముడు వాడే సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ రాయను, దాని తప్పేమీ లేదు కనుక.

మరునాడు ఫోను చేస్తే చిన్నాయన ఎత్తాడు. "వడ్లాయన వచ్చిండు బిడ్డా" అన్నాడు. డిచ్‌పల్లి పక్క ఊళ్లోనే ఉన్న ముసలాయనట. మిగిలిన దూలం ముక్కలన్నీ ఎండలో పరిచి, గాడి పక్కన ఉన్న చెక్క పోగు ఎటు పోతోందో చూసి, దానికి కలిసే ముక్కను ఏరడానికే పొద్దంతా పట్టిందట. సన్నటి చీలిక కోసి, గాడిలో బంక పెట్టి దిగ్గొట్టి, పైన తామర రేకులు చేత్తోనే మళ్లీ చెక్కాడు. రెండో రెక్క తమ్ముడు ఆ రాత్రి కూర్చుని పూర్తిచేశాడు. పదహారు నిమిషాలూ ఆగాడట.

ఆగడం పెద్ద గొప్ప కాదు. నిజమైన ఉపాయం చిన్నాయనది. ఆయనకు కంప్యూటరు రాదు కానీ లేతు మీద పని మొదలెట్టే ముందు పనిముట్టును చెక్కకు తగలకుండా ఒకసారి ఆ దారంతా నడిపి చూసుకోవడం ముప్పై ఏళ్ల అలవాటు. "నీ ఏనుగంత ఎందుకురా, దాని నాలుగు మూలలు తిప్పి సూపియ్" అన్నాడట కొడుకుతో. తమ్ముడు ఆలోచించాడు. ఇప్పుడు ప్రతి బొమ్మకూ పక్కన ఓ బుడ్డ ఫైలు చేసుకుంటున్నాడు. అందులో ఉండేది ఐదారు వరసలే, బొమ్మ చుట్టూ ఒక దీర్ఘచతురస్రం. ముందు దాన్ని తెరుస్తాడు. సున్నాలు ఎన్నిసార్లు మార్చినా తెర మీద చతురస్రం కన్నుమూసి తెరిచేలోగా కొత్తచోటికి జరుగుతుంది. తర్వాత మోటారు వెయ్యకుండా, బిట్టును అంగుళం పైన ఉంచి ఆ చతురస్రం చుట్టూ గాల్లో తిప్పుతాడు. బిట్టు పలక నాలుగు మూలల మీదుగా ప్రదక్షిణం చేసి వచ్చిందంటే సున్నా సరైనచోటే ఉన్నట్టు. అప్పుడు 12 లక్షల వరసల అసలు ఫైలు. బొమ్మ ఒక్కసారే గీయనిస్తాడు. ఆ నాలుగు నిమిషాల్లో తండ్రీకొడుకులు చాయ్ తాగుతారు. బిట్టు చుక్కల మధ్య ఎడాన్ని కాస్త పెంచి ఫైళ్లను సగానికి కూడా దించాడు. కంటికి తేడా తెలియట్లేదట.

గృహప్రవేశానికి ముందురోజు రాత్రి వెళ్లాను. తలుపులు బిగించేశారు. బాపు కింద కూర్చుని వాటికి నూనె పడుతున్నాడు. పక్కన కూర్చుని ఇంకో గుడ్డ తీసుకున్నాను. కాసేపయ్యాక చెప్పేశాను. తమ్ముడు ఆగుదామంటే నేనే తొందరపెట్టానని, తప్పు వాడిది కాదని.

బాపు చెయ్యి ఆపలేదు. "ఎర్కనే" అన్నాడు.

"చిన్నాయన చెప్పిండా?"

"వాడెందుకు చెప్తడు? నీ సంగతి నాకు తెల్వదా! చిన్నప్పుడు ఉయ్యాల ఆగకముందే దుంకి మోకాళ్లు పలగ్గొట్టుకునేదానివి. గీ దూలం కిందనే."

మర్నాడు దీపం పెట్టినప్పుడు చూశాను. పగలు అతుకు కనబడదు. దీపం పక్కనుంచి పడితే మాత్రం తామర రేకుల మీద సన్నటి గీత తేలుతుంది. ఎదురింటావిడ దగ్గరికొచ్చి చూసి, "ఇది మిషనుతోని చేసిందా, చేతితోనా?" అని అడిగింది. తమ్ముడు నా వైపు చూసి నవ్వాడు. "రెండు" అన్నాడు.

భోజనాలయ్యాక చిన్నాయన నన్ను పక్కకు పిలిచాడు. షెడ్డుకు పేపరు తెప్పించడం పెంచారట, సున్నా పట్టించే పని ఎక్కువైంది కదా. సంతోషించాను. చందాదారులు పెరగడం మాకు చిన్న విషయమా!

"కని ఒక్క మాట బిడ్డా" అన్నాడు. "నువ్వు రాస్తవు సూడు, ఆదివారం పుస్తకం... దాని కాయితం జారుడుంటది. పట్టింది తెలుస్తలేదు. రోజు వచ్చే పేపరే మంచిగ పడ్తది."